ముందు దిగే ఇల్లు

రెంటచింతల ఎండల్లో పుట్టి పెరిగిన మనిషి హిమాలయాల మంచుకి పేర్లు పెట్టిందంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, హిమ్‌కోట్‌లో లిఫ్టు టిక్కెట్లిచ్చే కిటికీ పక్కనున్న బోర్డు చూస్తే మీకే తెలుస్తుంది. కొండమీద ఏ వాలున మంచు ఎలా ఉందో రోజూ పొద్దున్నే అక్కడ రాస్తారు. రాణీ వాలు: పిండి. దేవదారు వాలు: అప్పడం. పిల్లల వాలు: పప్పు. స్కీయింగ్ కోసం ఢిల్లీ నుంచీ పూణే నుంచీ వచ్చిన జనం, తెలుగు ముక్క రానివాళ్ళు, "ఇవాళ అప్పడమా, పిండా?" అని అడిగి మరీ బూట్లు బిగించుకుంటారు. పిండి అంటే అప్పుడే పడ్డ పొడి మంచు, దానిమీద జారుతుంటే స్వర్గమే. అప్పడం అంటే పైన పెళుసు పెచ్చు, కింద డొల్ల. కాలు దిగబడిందా, మోకాలు గోవిందా. పప్పు అంటే ఎండకి కరిగి ముద్దయిన మంచు. దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఈ పేర్లు పెట్టిన మహాతల్లి డాక్టర్ చెన్నుపాటి భ్రమరాంబ. ఆవిడకి గర్వమా అంటే, గర్వమే మరి, దాచుకోవడం దేనికి? పల్నాటి మిరపచేలల్లోంచి బయల్దేరి మంచుశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. భర్త మల్లికార్జునరావు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఇంజనీరు. "భ్రమరాంబా మల్లికార్జునులని పేర్లు కుదిరాయని మా పెద్దాళ్ళు పెళ్ళి చేశారు. ఇద్దరం చలిమీద పడి బతుకుతామని వాళ్ళకేం తెలుసు!" అని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పి పకపకా నవ్వేది. ఒక్కతే కూతురు ఇందుమతి తల్లి దగ్గరే, ఈ కొండమీదే పెరిగింది. నడకా స్కీలూ కొంచెం అటూ ఇటూగా ఒకేసారి నేర్చింది. ఇప్పుడు రిసార్టు రక్షణ దళంలో ఉద్యోగం చేస్తోంది.

అయితే భ్రమరాంబ అసలు గర్వమంతా తన ఎడమచెయ్యి.

ఆ చేతికి భుజందాకా బూడిదరంగు తొడుగు ఉంటుంది. ఏటా మంచు పడకముందే వాలులన్నిటిమీదా వెంట్రుకంత సన్నటి తీగలు పరిపిస్తుంది. వాటిమీద మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఏ పొర ఎంత బరువు, ఎంత తడి, ఎక్కడ కదులుతోంది, అన్నీ తీగలకి తెలుస్తాయి. ఆ కబురంతా కంప్యూటర్ తెరమీద పెడితే చదవడం పూర్తయ్యేసరికి పొద్దుగుంకుతుంది. అందుకని ఆవిడ దాన్ని తొడుగు ద్వారా తన చర్మానికే కలిపేసింది. భుజం శిఖరం, అరచెయ్యి లోయ. గాలి మంచుని తెచ్చి ఒకచోట పోస్తుంటే అక్కడ బరువుగా ఉంటుంది. లోపలి పొర సడలితే చీమలు పాకినట్టుంటుంది. వాతావరణ కేంద్రం వాళ్ళు రేపేం పడుతుందో చెబుతారు. పడ్డది ఏం చేస్తోందో ఆవిడ చెయ్యి చెబుతుంది. ఆరు శీతాకాలాలుగా ఆ చెయ్యి చెప్పింది తప్పలేదు.

హిమ్‌కోట్‌లో ఒక ఆనవాయితీ కూడా ఉంది. రిసార్టు రాకముందు, గొర్రెల మందల్ని కనుమ దాటించే రోజుల నుంచీ ఉన్నది. దారి బాగుందని ఎవరంటారో వాళ్ళే ముందు నడవాలి. వాళ్ళ కాళ్ళు సహకరించకపోతే వాళ్ళ ఇంట్లోవాళ్ళు నడవాలి. రక్షణ దళం పెద్ద దోర్జే తాతముత్తాతలు ఈ పద్ధతి పాటించే బతికి బట్టకట్టారు. దాన్నే అతను స్కీ వాలులకీ పెట్టాడు. 'తెరవండి' అన్న ఇంటి మనిషే ముందు దిగాలి. నాలుగేళ్ళు భ్రమరాంబే దిగింది. మోకాళ్ళు అరిగాక ఇందు దిగుతోంది. అందుకే ఆ తల్లీకూతుళ్ళ క్వార్టర్ని ఊరంతా 'ముందు దిగే ఇల్లు' అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా భ్రమరాంబకి ఒళ్ళు పొంగిపోతుంది.

ఇంత గొప్ప చెప్పుకున్నాం కదా, ఇక కష్టం సంగతి చూద్దాం.

జనవరి నెలాఖరులో ఒక పొద్దున ఆవిడ వంటింట్లో కుడిచేత్తో పెసరట్టు తిప్పుతోంది. ఇందు బూట్లు బిగించుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, దోర్జే అన్న అడుగుతన్నాడు. రాణీ వాలు సంగతేంది?"

భ్రమరాంబ కళ్ళు మూసుకుంది. భుజం దగ్గర సన్నగా గాలి. మోచేతి దగ్గర, అంటే రాణీ వాలు మూడో మలుపు దగ్గర, ఏమీ లేదు. బరువు లేదు, చిమచిమ లేదు. నిమ్మళంగా ఉన్నట్టుంది అనుకుంది.

"పిండే. తెరవమను. అట్టు తినిపో."

"వచ్చి తింటాలే, నువ్వు పొయ్యి కట్టెయ్."

ఇందు వెళ్ళింది. మళ్ళీ వచ్చేసరికి దాని మొహం చలికి కందిపోయి ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. అట్టు చల్లారిపోయిందని కూడా చూడకుండా తింటూ చెప్పింది.

"మూడో మలుపులో కాళ్ళకింద ధబ్‌మందమ్మా! మంచు మొత్తం ఇంత కిందికి కూలబడింది. నా స్కీ ముందు నించి చెట్ల దాకా పగులు పాకింది. నా పైప్రాణాలు పైనే పోయాయనుకో. అక్కడ తాడు కట్టేసి వచ్చా. నీ చెయ్యి చెప్పలేదా?"

భ్రమరాంబ తన ఎడమచెయ్యి వంక చూసుకుంది. అలా ధబ్‌మన్న మంచు జారిపోతే కిందున్న మనిషి ఆనవాలు కూడా దొరకదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చెప్పిందే," అంది. "చిన్నదేలే అని వదిలేశా."

"బాగుందే నీ వరస! ఈసారి చిన్నవి కూడా చెప్పు," అని ఇందు నవ్వేసి ప్లేటు కడుక్కుంది. తల్లి అబద్ధమాడుతుందని దానికి ఊహకైనా తట్టలేదు.

ఆ సాయంత్రం తొడుగు విప్పి, చారుకి పోపు పెడుతుంటే భ్రమరాంబకి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ఎండుమిరపకాయ మాడిందేమోనని మూకుడులోకి చూసింది. మిరపకాయ బాగానే ఉంది. మూకుడు అంచుకి ఆనుకుని ఉన్నది తన ఎడమచెయ్యి. చిటికెనవేలి కింద చర్మం పొక్కిపోయింది. ఆవిడ చెయ్యి తీసి, దానివంక పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూసింది. చల్లనీళ్ళ కింద పెట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయని కూడా తెలియలేదు.

తొడుగులో తప్పేమీ లేదు. తీగలన్నీ పనిచేస్తున్నాయని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. కొండ మాట్లాడుతూనే ఉంది. వినే చెయ్యే పోయింది.

వేళ్ళు మొద్దుబారుతున్నాయని వెళ్ళినప్పుడే చండీగఢ్‌లో నరాల డాక్టరు ఏనాడో హెచ్చరించాడు. "మెదడులో మీ ఎడమచేతికి ఉండాల్సిన చోటంతా కొండకి రాసిచ్చేశారు మేడమ్. ఇంకా ఇలాగే వాడితే చివరికి కొండా మిగలదు, చెయ్యీ మిగలదు," అన్నాడు. అప్పుడు ఆవిడ ఏమందో తెలుసా? "ఒక చెయ్యి పోతే రెండోది ఉంది కదండీ," అంది. అని, ఆ మాటని కూడా గొప్పగా దోర్జేకి చెప్పుకుంది. గర్వం అట్లా మాట్లాడిస్తుంది మనిషిచేత.

చెయ్యి పోయినందుకు ఏడవలేదు గానీ, చెప్పాలంటే నోరు రాలేదు. పది రోజుల్లో జాతీయ స్కీ పోటీలు. హిమ్‌కోట్‌కి అవి రావడం అదే మొదటిసారి. రిసార్టు మేనేజర్ బక్షీ అట్టహాసంగా పోస్టర్లు వేయించాడు. వాటిమీద కొండ కాదు, క్రీడాకారులు కాదు, బూడిదరంగు తొడుగు వేసుకున్న భ్రమరాంబ చెయ్యి! కింద 'ఈ చెయ్యి ఉండగా భయమెందుకు?' అని రాయించాడు. మిగతా కొండల రిసార్టులవాళ్ళు తొడుగు కోసం ఎదురుచూస్తున్నారు. అంతకంటే ముఖ్యం, ఇందు ఎప్పుడో కర్చీఫ్ వేసుకుని కూర్చుంది. "నీ తర్వాత ఆ తొడుగు నాదే. ఇంకెవరికన్నా ఇచ్చావంటే ఊరుకోను," అంటూ ఉంటుంది. చెయ్యి చచ్చిందని చెబితే తొడుగు బతుకూ అక్కడితో సరి. ఇన్నేళ్ళ కష్టం, ఇంత పేరు. పోటీలు అయ్యేదాకా ఎలాగో నెట్టుకొద్దాం, తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. ఈలోపు రోజూ పొద్దున 'దేవదారు అప్పడం, రాణీ వాలు మూసి ఉంచండి, ఇంకా కుదురుకోవాలి' అని ఏదో ఒకటి చెప్పి, ప్రమాదం లేని వాలులే తెరిపిస్తూ వచ్చింది. దోర్జే ఒకసారి ఆవిడ మొహంలోకి పరీక్షగా చూసి, బోర్డు రాయించడానికి వెళ్ళిపోయాడు.

పోటీల ముందు రెండు రోజులు తెరిపి లేకుండా మంచు కురిసింది. పోటీ రోజు పొద్దున మబ్బు తెగిపోయింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. రాణీ వాలు కింద, జారే మంచుని ఆపడానికి కట్టిన అడ్డుగోడకి ఇవతల, కుర్చీలు, జెండాలు, టీవీ బళ్ళు, స్కూలు పిల్లలు. బక్షీ కొత్త కోటు వేసుకుని, లిఫ్టు పక్కనే ఉన్న భ్రమరాంబ ప్రయోగశాలకి సంబరంతో ఊగిపోతూ వచ్చాడు.

"మేడమ్, నలభై సెంటీమీటర్లు! ఫోర్‌కాస్ట్ చూశారా? నలభై! పైగా రోజంతా ఎండ! ఇంతకన్నా ఏం కావాలి? మీరొక్క మాటంటే మొదలుపెట్టేద్దాం."

భ్రమరాంబ తొడుగు వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. కళ్ళు మూసుకుంది. చేతిలో ఏమీ లేదు. ఊరికే గోడకి వేలాడే చొక్కా చెయ్యిలా ఉంది.

వాకీటాకీలో ఇందు గొంతు వినిపించింది. ఉదయాన్నే లిఫ్టులో పైకి వెళ్ళిపోయి, శిఖరం దగ్గర స్కీలు కట్టుకుని సిద్ధంగా ఉంది. "అమ్మా, నే రెడీ. పైన ఎట్టా ఉందో తెలుసా, అడుగెయ్యాలంటే పాపం అనిపిస్తాంది. చెప్పు, దిగుతా."

భ్రమరాంబ కళ్ళు తెరిచింది. చెప్తే దిగుతుంది. ఎందుకేమిటని అడగదు. తన మాట మీద అంత నమ్మకం.

"ఒక్క నిమిషం ఉండవే," అంది.

బల్లమీద ఆ రోజు పర్వత వాతావరణ సూచన ఉంది. చెయ్యి వచ్చాక ఆవిడ దాన్ని ఎప్పుడూ పైపైన చూసి పక్కన పడేసేది. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, చదువుకునే రోజుల్లోలాగా గుక్క తిప్పుకోకుండా చదివింది. బుర్ర తుప్పుపట్టిపోయిందేమోనని లోపల భయం. లేదు, పట్టలేదు. కాగితంమీద అంకెలు ఒక్కొక్కటే కొండలా లేచి నిలబడ్డాయి.

బక్షీ చెప్పిన నలభై సెంటీమీటర్లు శిఖరంమీద పడ్డ లెక్క. అది ఎంత పడిందో చెబుతుంది గానీ, ఎక్కడ పోగైందో చెప్పదు. పోగేసేది గాలి. రెండు రోజులూ శిఖరంమీద నైరుతి నుంచి విపరీతమైన గాలి. అంటే అటువైపు మంచునంతా ఊడ్చుకొచ్చి ఇటు ఈశాన్యంలో పోసింది. ఈశాన్యంలో ఉన్నది రాణీ వాలే. నలభై కాదు, అక్కడ మనిషి లోతు ఉండొచ్చు. దానికింద ఏముంది? పోయిన వారం కొండ పైదాకా వాన పడింది, ఆ రాత్రే గడ్డకట్టింది. అప్పడం. అప్పడంమీద మనిషి లోతు పిండి. పైగా ఇవాళ ఎండ. ఏ ఎత్తు పైన నీళ్ళు గడ్డకడతాయో ఆ గీత పొద్దున లోయలో ఉంది, మధ్యాహ్నానికి శిఖరం దాటిపోతుందని రాసి ఉంది. అంటే ఇప్పుడు గట్టిగా పట్టుకుని ఉన్నదంతా ఆ వేళకి పట్టు వదిలేస్తుంది.

చెయ్యి ఉంటే ఎప్పుడు వదులుతుందో కూడా చెప్పేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

"మేడమ్?" అన్నాడు బక్షీ. "టీవీవాళ్ళు అడుగుతున్నారు."

భ్రమరాంబ వాకీటాకీ తీసింది. ఆ మాట దళంలో అందరికీ వినిపిస్తుందని ఆవిడకి తెలుసు. దోర్జేకి, లిఫ్టులవాళ్ళకి, పైనున్న కూతురికి. వినపడనీ అనుకుంది.

"ఇందూ, దోర్జే, అందరూ వినండి. రాణీ వాలు మూసెయ్యండి. నా చెయ్యి చచ్చిపోయింది. కొన్నాళ్ళుగా నాకు కొండ తెలియడం లేదు. దాచిపెట్టాను. ఇవాళ చెబుతున్నది చెయ్యి చెప్పింది కాదు, సూచన చదివి నేను చెబుతున్నది. గాలి మంచునంతా ఈ వాలుమీదే పోసింది, కింద పెచ్చు ఉంది, ఎండెక్కితే జారుతుంది. ఎప్పుడన్నది నాకు తెలియదు."

బక్షీ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. వాకీటాకీలో గరగర తప్ప ఇంకేం లేదు. తర్వాత ఇందు గొంతు, చాలా మెల్లగా:

"అమ్మా, కొన్నాళ్ళంటే? మొన్న నాకు ధబ్‌మన్నప్పుడు?"

"అప్పుడే. ఆ రోజు నాకేం తెలియలేదే. నువ్వు వచ్చి చెబితే తెలిసింది."

"స్కీలు విప్పేస్తన్నా. లిఫ్టులో కిందికొస్తా," అంది ఇందు. "ఇంటికొచ్చాక చెప్తా నీ సంగతి."

బక్షీకి అప్పుడు మాట వచ్చింది. "మేడమ్, దేశమంతా చూస్తోంది! పోస్టర్ల నిండా మీ చెయ్యే ఉంది! ఇప్పుడు చెయ్యి లేదంటారేమిటి? సరే, ఎండెక్కితే కదా ప్రమాదం, ఎండెక్కకముందే పోటీ అయిపోగొడదాం!"

"అందరూ దిగేసరికి పదకొండు దాటుతుంది బక్షీగారూ. పదింటికి జారదని నేను చెప్పలేను. మీరు చెప్పండి, చెప్పి మీరే ముందు దిగండి. లేదా మీ ఇంట్లోవాళ్ళని దింపండి."

బక్షీ కోటు గుండీలు సవరించుకున్నాడు. ఆనవాయితీ సంగతి అతనికీ తెలుసు.

అప్పుడు వాకీటాకీలో దోర్జే పలికాడు. అతనితో మాటలన్నీ హిందీలోనే, మనం తెలుగులోనే చెప్పుకుందాం. "దీదీ, శిఖరం మీంచి మందు పేల్చి చూడనా? పోయేదయితే ఇప్పుడే పోతుంది," అన్నాడు. పేల్చమంది. ధనధనా మూడుసార్లు పేలింది. మంచు దుమ్ము లేచింది, సర్దుకుంది. వాలు కదల్లేదు. కింద జనంలో ఈలలు, గోల. "చూశారా!" అని బక్షీ గంతేసినంత పని చేశాడు. టీవీ అమ్మాయి మైకు పట్టుకుని గబగబా వచ్చి, "డాక్టర్‌గారూ, మీరు పొరపాటు పడ్డారా?" అంది.

"పొరపాటైతే సంతోషిస్తానమ్మా," అంది భ్రమరాంబ. "వాలు మాత్రం తెరవను."

ఆ రెండు మూడు గంటలూ ఆవిడ పడ్డ అవమానం ఇంతా అంతా కాదు. క్రీడాకారులు స్కీలు భుజాన వేసుకుని ఆవిడ ముందు నుంచే గొణుక్కుంటూ వెళ్ళారు. పోస్టరు దగ్గర ఎవడో నిలబడి ఆ చేతిని చూపించి నవ్వాడు. ఆవిడ తొడుగు విప్పి బల్లమీద పెట్టి, బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. ఇందు వచ్చింది. పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడింది. ఏడ్చిందని కళ్ళు చెబుతున్నాయి.

"నేను చచ్చిపోయుంటే?" అంది.

"నేనూ చచ్చేదాన్నే," అంది తల్లి.

"అది జవాబు కాదమ్మా. నాకెందుకు చెప్పలేదు?"

"గర్వం తల్లీ. ఇంకేం లేదు. ఆ చెయ్యే నేననుకున్నా."

ఇందు ఏదో అనబోయింది. అప్పుడే కొండమీంచి ఒక చప్పుడు వచ్చింది. గుడ్డ చింపినట్టు పొడుగ్గా, పైనుంచి కిందికి. అందరూ తలెత్తారు. రాణీ వాలు శిఖరం కింద అడ్డంగా ఒక గీత పడింది. గీత కింద ఉన్నదంతా, మూడో మలుపూ, జెండాలూ, పోటీకోసం పాతిన కర్రలూ, ఒక్కసారిగా కదిలి దిగిపోయింది. కొండ సగం వచ్చినట్టే వచ్చింది. అడుగున అడ్డుగోడ దగ్గర ఆగిపోయింది, తెల్లటి దుమ్ము మాత్రం కుర్చీలదాకా వచ్చి అందరి మొహాలమీదా పడింది. ఆ వాలుమీద ఒక్క మనిషి లేడు.

ఇందాక ఈల వేసినవాళ్ళు మొహాలమీది మంచు తుడుచుకున్నారు. ఒక కోచ్ తన పిల్లల్ని ఒక్కొక్కర్నే తడిమి చూసుకున్నాడు. దోర్జే టోపీ తీశాడు. ఇందు తల్లి పక్కన చతికిలబడి ఆవిడ ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇది కాదే," అంది భ్రమరాంబ. "అది నాకు తెలీదు. ఈ చెయ్యి పట్టుకో."

ఇందు కుడిపక్కకి మారి ఆ చెయ్యి పట్టుకుని, భుజంమీద తల పెట్టి బావురుమంది. ఆవిడకి ఏడుపు రాలేదు. మళ్ళీ గర్వమే వచ్చింది, ఏం చేస్తాం! అయితే ఈసారిది చేతిని చూసుకుని వచ్చింది కాదు. తీగలు చెప్పలేదు, చర్మం చెప్పలేదు, తన బుర్ర చెప్పింది. చెప్పి, దేశమంతా నవ్వుతున్నా నిలబడింది.

ఇక బక్షీ సంగతి. దుమ్ము దులుపుకోగానే అతను మళ్ళీ బక్షీ అయిపోయాడు. మర్నాడు మిఠాయి డబ్బా పట్టుకుని క్వార్టర్‌కి వచ్చాడు. "మేడమ్, మీరు దేవత. పోటీలు వారం వాయిదా వేశారు. చెయ్యి పోయిందని దిగులెందుకు, తొడుగు ఉంది కదా! ఇందు కుర్రది. ఆరేళ్ళకి ఢోకా లేదు."

ఇందు ముందుకొచ్చింది. "నేను తొడుక్కుంటా. ఎప్పటినించో అంటన్నా కదా."

"తొడుక్కోనివ్వను," అంది భ్రమరాంబ.

"ఏం? నువ్వు చెయ్యొచ్చు, నేను చెయ్యకూడదా?"

"మీ నాన్న ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టి బల్లమీద ఎందుకు ఉంచుతానో తెలుసా? నీ జడ వెయ్యడం ఎందుకు మానేశానో తెలుసా? వేళ్ళలో జుట్టుందో లేదో తెలియక. ఆ మాట నీకు చెప్పలేక, పెద్దపిల్లవయ్యావు నువ్వే వేసుకోమన్నా." ఆవిడ బక్షీ వైపు తిరిగింది. "తొడుగు నేను కనిపెట్టిందే. గొప్పదే. ఇప్పటికీ నాకది గొప్పే. చర్మాన్ని తినకుండా వినే తొడుగు చెయ్యగలిగితే చేస్తాను, దానికెన్నేళ్ళు పట్టినా సరే. ఈలోపు దీన్ని ఎవరి బిడ్డకీ తొడగను. మిఠాయి తీసుకెళ్ళండి బక్షీగారూ. లేదా కూర్చుని మాతోపాటు తినండి."

బక్షీ కూర్చుని తిన్నాడు. అంత చెడ్డవాడేం కాదు, కాస్త తొందర మనిషి అంతే.

ఆ వారమంతా ముందు దిగే ఇంట్లో ఒకటే చదువు. పొద్దున లేస్తే తల్లీకూతుళ్ళు వాతావరణ సూచన ముందేసుకుని వాదులాట. గాలి ఎటునించి ఎటు? కిందపడ్డది వానా, మంచా? శిఖరంమీద అంకె సరే, లిఫ్టు నడిమి స్టేషన్ దగ్గర అంకె ఏమంటోంది? ఇందు పొరపాటు చెబితే భ్రమరాంబ అట్లకాడ చూపించేది. మధ్యాహ్నం ఇందు కొండెక్కి, మంచులో గుంట తవ్వి, పొరలు చేత్తో నొక్కి చూసి వచ్చి తను చెప్పింది ఎంత నిజమో తనే తేల్చుకునేది. మొదట్లో పది మాటల్లో నాలుగు తప్పేది. తర్వాత ఒకటి. భ్రమరాంబ పైకి "ఫరవాలేదు" అనేది గానీ, గుంటూరుకి ఫోన్ చేసి "నీ కూతురు నన్ను మించిపోయేట్టుందయ్యా," అని మురిసిపోయేది.

వాయిదాపడ్డ పోటీల రోజు వచ్చింది. మళ్ళీ కుర్చీలు, మళ్ళీ జెండాలు. కొత్తగా పడ్డ మంచు తక్కువే, గాలి లేదు. కింద ఉన్న పాత పెచ్చంతా ఆనాటి జారుడుతోనే కొట్టుకుపోయింది. ఎండున్నా చలి వదలదు, గడ్డకట్టే గీత రోజంతా లోయలోనే. అందరూ భ్రమరాంబ వైపు చూశారు. ఆవిడ ఇందు వైపు చూసింది.

ఇందు మెడ నిమురుకుంది. గాలి పీల్చుకుంది. "రాణీ వాలు పిండి," అంది వాకీటాకీలో. "తెరవండి."

ఆ మాట అన్నాక ఆనవాయితీ ప్రకారం ముందు దిగాల్సింది ఇందు. స్కీలు భుజాన వేసుకుని లిఫ్టు వైపు కదిలింది.

"ఆగవే," అంది భ్రమరాంబ. "మాట నీది. నేను నీ ఇంటి మనిషిని. నేను దిగుతా."

"నీకు మోకాళ్ళు లేవు కదమ్మా!"

"కూర్చుని దిగుతా."

దెబ్బలు తగిలినవాళ్ళని కిందికి తెచ్చే స్లెడ్జి ఒకటి శిఖరం దగ్గరుంటుంది. ముందు కాడి పట్టుకుని ఒకరు స్కీలమీద లాక్కెళతారు. ఒంట్లో బాగున్నవాళ్ళు దాంట్లో కూర్చోరు, అపశకునమంటారు. భ్రమరాంబ లిఫ్టులో పైకెక్కి, చీరమీద స్వెట్టరూ కోటూ వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, మహారాణిలా వెళ్ళి దాంట్లో కూర్చుంది. దళంవాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు. దోర్జే మాత్రం నవ్వలేదు. వచ్చి ఆవిడ కాళ్ళమీద కంబళి కప్పాడు.

"అమ్మా, భయమేస్తే చెప్పు. ఆపుతా," అంది ఇందు కాడి పట్టుకుంటూ. ఇన్నాళ్ళూ తల్లి మాట నమ్మి దిగుతూ తను ఆవిడమీద పెట్టిన భారం ఎంతదో, తన మాట మీద తల్లి ఎక్కి కూర్చున్నాక తెలిసింది దానికి.

"భయమేంటే! రెంటచింతల దాన్ని. నడువ్!"

స్లెడ్జి కదిలింది. మొదటి మలుపు, రెండో మలుపు. మంచు పొడి లేచి భ్రమరాంబ మొహంనిండా పడింది. ఎడమచేతికి ఏమీ తెలియలేదు. బుగ్గలకి మాత్రం చల్లగా, సుఖంగా ఉంది. ఇన్నేళ్ళలో ఈ వాలు లోపల ఏం జరుగుతోందో తెలియకుండా దీనిమీద ఉండడం ఆవిడకి అదే మొదలు. ఎదురుగా కూతురి వీపు కనిపిస్తోంది, స్కీలు అటూ ఇటూ నిబ్బరంగా తిప్పుతోంది. మూడో మలుపు వచ్చింది. ఇందు వేగం తగ్గించింది, కాళ్ళతో మంచుని అడిగి చూసింది, మళ్ళీ వదిలింది. కింద కుర్చీల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. బక్షీ కోటు విప్పి గాల్లో ఊపుతున్నాడు. భ్రమరాంబకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

ఒళ్ళోని వాకీటాకీలో దోర్జే గొంతు గరగరలాడింది. ఆరేళ్ళుగా రోజూ పొద్దున అడిగే ప్రశ్నే అడిగాడు.

"దీదీ, మంచు ఎలా ఉంది?"

"నన్నడుగుతావేమయ్యా?" అంది భ్రమరాంబ. "మా అమ్మాయినడుగు."